పట్టాల పక్కన చల్లటి ఇల్లు

2024 ఏప్రిల్ 30న కలైకుండాలో ఎండ 47.2 డిగ్రీలకు చేరింది. ఆ రోజుల్లో మామూలుగా ఉండే వేడి కన్నా అది పది డిగ్రీలు ఎక్కువ. వాయుసేన స్థావరం ఉన్న కలైకుండా పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌కి పక్కనే. ఆ మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో అందరి నెత్తి మీదా ఒకే ఎండ కాసింది గాని, అందరి ఇళ్లలోకీ ఒకేలా దిగలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్నార్) కాలం నాటి మందపాటి గోడల క్వార్టర్‌లో ఒకలా ఉంది, ఈ మధ్య పోసిన స్లాబు కింద ఇంకొకలా ఉంది. రైల్వే స్థలంలో ఎవరికి వాళ్లు వేసుకున్న సిమెంటు రేకుల గదిలో మాత్రం మనిషి కూర్చోగలిగేలా లేదు. ఆ రేకుల గదుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి.

రైల్వే ఊళ్లో వేడికి మిగతా ఊళ్లలో లేని కష్టం ఒకటుంది. ఇక్కడ సగం ఊరు పగలు నిద్రపోతుంది. నైట్ డ్యూటీ దిగిన లోకో పైలట్, పాయింట్స్‌మన్, రాత్రంతా లైను వెంట నడిచి వచ్చిన ట్రాక్‌మన్, పార్సెల్ మోసే కూలీ, బళ్లు కడిగే కాంట్రాక్టు మనిషి - వీళ్లంతా పొద్దున్న తొమ్మిదికి పడుకుని సాయంత్రం లేవాలి. ఎండ ముదిరే వేళే వాళ్లకి నడిరాత్రి. ఇల్లు కాలిపోతుంటే నిద్ర పట్టదు. నిద్ర లేని మనిషి మళ్లీ ఆ రాత్రే సిగ్నళ్ల మధ్యకీ బళ్ల మధ్యకీ వెళ్లాలి. పేదల ఇంటికి చల్లదనం ఎందుకు, గోడలూ కప్పూ ఉంటే చాలదా అనేవాళ్లు ఖరగ్‌పూర్‌లో ఒక వేసవి పగలు నిద్రపోయి చూడాలి.

ప్రభుత్వ సొమ్ముతో, స్థానిక సంస్థ చేతుల మీదుగా కట్టే ఇల్లు చవగ్గానూ చల్లగానూ ఉండాలన్న ఆలోచన ప్రపంచంలో చాలా చోట్ల నడుస్తోంది. ఖరగ్‌పూర్‌కి అది మిగతా ఊళ్లకన్నా ఎక్కువ అవసరం. అక్కడ దాన్ని అడ్డుకుంటున్నది డబ్బు కన్నా భూమి.

మన వైపు నుంచి వెళ్లినవాళ్లు

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల్లో ఖరగ్‌పూర్‌లో చుట్టం లేని వీధి ఒకప్పుడు ఉండేది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ శతాబ్దం ముగిసేలోపు మేదినీపూర్ జిల్లా ఎర్రమట్టి మిట్ట మీద జంక్షన్ కట్టింది. కొత్త శతాబ్దం మొదట్లో పెద్ద వర్క్‌షాపు వచ్చింది. హౌరా నుంచి వాల్తేరు వరకు తూర్పు తీరం లైను బీఎన్నార్ చేతిలోకి రాగానే శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల నుంచి జనం రైలెక్కారు. వానలు పడక కొందరు, భూమి చాలక కొందరు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, కూలీలుగా చేరారు. కార్మిక నాయకుడిగా వి.వి. గిరి పేరు దేశానికి తెలిసింది కూడా ఈ బీఎన్నార్ కార్మికుల మధ్యనే. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా 1927, 28ల్లో సాగిన సమ్మెలకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపే గుండెకాయ.

నాలుగు తరాలు గడిచాయి. నీంపురా, మథురాకటి, న్యూ సెటిల్‌మెంట్, ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు ఇప్పటికీ గుమ్మాల ముందు ముగ్గులు కనిపిస్తాయి. గోల్ బజార్‌లో ఇడ్లీ, దోశ బళ్లుంటాయి. ఎండాకాలం మాత పూజలకి బస్తీలన్నీ దీపాలతో వెలుగుతాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడిగిన దానికి దక్కిన ఫలం అది. భాష దగ్గర గెలిచిన ఆ పట్టుదలే ఇప్పుడు ఇంటి దగ్గర కావాలి.

పాత గోడలు నేర్పేది

బీఎన్నార్ కట్టిన కాలనీని చూస్తే రెండు విషయాలు ఒకేసారి తెలుస్తాయి. ఒకటి, ఎండని ఎలా ఎదుర్కోవాలో ఆ ఇంజనీర్లకి బాగా తెలుసు. రెండు, ఆ తెలివిని వాళ్లు మనిషి రంగునీ హోదానీ చూసి పంచారు.

సౌత్ సైడ్‌లోని పెద్ద బంగళాలకి చుట్టూ వరండా ఉంటుంది. ఎండ గోడని తాకకముందే నీడలో ఆగిపోతుంది. గోడలు ఒకటిన్నర ఇటుకో అంతకు మించో మందం. మధ్యాహ్నం తిన్న వేడిని రాత్రికి గాని లోపలికి వదలవు. పైకప్పు చాలా ఎత్తు, దాని కింద వెంటిలేటర్లు, వేడెక్కిన గాలి అటునుంచి బయటికి పోతుంది. చుట్టూ తోట, పెద్ద చెట్లు. ఇది తెల్ల అధికారుల ఇల్లు. ఆంగ్లో ఇండియన్ గార్డుకీ డ్రైవర్‌కీ ఇంతకన్నా చిన్నది. కూలీకి వరసగా అతికించి కట్టిన ఒంటి గదుల్లో ఒకటి. ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల మీద ఏళ్ల తరబడి పని చేసిన మానవశాస్త్రవేత్త లారా బేర్, రైల్వే కాలనీ అనేది జాతుల్నీ హోదాల్నీ వేరు చేసి నిలబెట్టే కట్టడం కూడా అని వివరంగా రాశారు. కాలనీ వీధుల్లో నడిస్తే ఆ సంగతి చదవకపోయినా అర్థమవుతుంది.

అయినా ఆ చివరి ఒంటి గదిలో కూడా ఇటుక గోడ మందంగానే ఉంది, గదికి ముందు చిన్న వసారా ఉంది. ఇవాళ కొత్తగా కడుతున్న చాలా ఇళ్లలో అది కూడా లేదు. ఇది నాకు మింగుడు పడని విషయం. వలస పాలనలోని ఒక కంపెనీ, తన లాభం తప్ప ఇంకేమీ చూసుకోని కంపెనీ, ఖలాసీకి ఇచ్చిన నీడని స్వతంత్ర దేశంలో మనం ఇవ్వలేకపోతున్నాం.

పైగా క్వార్టర్ సొంతిల్లు కాదు. రిటైరయ్యాక మామూలు అద్దెతో నాలుగు నెలలు, ఎక్కువ అద్దెతో ఇంకో నాలుగు నెలలు ఉండనిస్తారు, ఆ తర్వాత ఖాళీ చెయ్యాలి. పుట్టిందీ, చదివిందీ, పెళ్లి చేసుకుందీ అక్కడే. ఆంధ్రాలో ఉన్న పాత ఊళ్లో పలకరించేవాళ్లు కూడా మిగలలేదు. అలాంటి కుటుంబాలు ఎక్కడికి వెళతాయి? చేతిలో పీఎఫ్ డబ్బు నిలిచినవాళ్లు మాలంచా వైపో ఝపేటాపూర్ వైపో జాగా కొనుక్కున్నారు. నిలవనివాళ్లూ, ఉద్యోగం వారసత్వంగా రాని కొడుకులూ, అసలు రైల్వే రికార్డుల్లోనే లేని కాంట్రాక్టు కూలీలూ కాలనీల అంచుల్లో, లైను పక్కన, నాలా పక్కన గదులు వేసుకున్నారు. ఖరగ్‌పూర్ అనగానే అందరూ 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం గురించి చెబుతారు. ఆ ప్లాట్‌ఫాం వెనక ఉన్న ఈ బస్తీల గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఓటు ఉంది, స్థలం లేదు

ఖరగ్‌పూర్ మునిసిపాలిటీ 1954లో ఏర్పడింది. చాలా కాలం రైల్వే ప్రాంతం దాని హద్దుకి బయటే ఉండేది; జనగణనలో కూడా రైల్వే సెటిల్‌మెంట్‌ని వేరే పట్టణంగా లెక్కించారు. 2001లో ఆ ఒక్క సెటిల్‌మెంట్ జనాభాయే 88 వేలకు పైన. తర్వాత రైల్వే కాలనీలూ బస్తీలూ మునిసిపల్ వార్డుల్లో చేరాయి. ఇప్పుడు మొత్తం 35 వార్డులు. తెలుగువాళ్లు కౌన్సిలర్లుగా గెలిచారు కూడా. కానీ వార్డు మునిసిపాలిటీదైనా నేల రైల్వేది. ఆ నేల మీద ఇటుక పేర్చాలంటే రైల్వే ఒప్పుకోవాలి.

కేంద్రం 2015లో మొదలుపెట్టిన పట్టణ ఆవాస్ యోజన పశ్చిమ బెంగాల్‌లో పురపాలక సంఘాల ద్వారానే నడిచింది. ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి లెక్క ఇలా ఉండేది: కేంద్రం లక్షన్నర, రాష్ట్రం 1.93 లక్షలు, కుటుంబం 25 వేలు, మొత్తం 3.68 లక్షలు. డబ్బు విడతలుగా వచ్చేది, ఇల్లు లేచేది. ముఖ్యమైన షరతు, స్థలం ఆ కుటుంబం పేరున ఉండాలి. మాలంచాలో రెండు సెంట్ల కాగితం ఉన్నవాడికి ఇల్లు వచ్చింది. మూడు తరాలుగా అదే బస్తీలో ఉంటూ, అదే చిరునామాతో ఓటరు కార్డూ రేషన్ కార్డూ పెట్టుకున్నవాడికి రాలేదు. రైల్వే చట్టం దృష్టిలో అతను ఆక్రమణదారుడు; 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఎప్పుడైనా నోటీసు రావచ్చు. ఎప్పుడు పోతుందో తెలియని ఇంటికి ఎవరూ మందపాటి గోడ కట్టరు. రేకులు వేసి సరిపెట్టుకుంటారు. బస్తీలో మంట పుట్టించే వేడికి మూలం ఇక్కడుంది.

2019 నవంబరులో బెంగాల్ ప్రభుత్వం, కేంద్రం భూముల్లోనూ ప్రైవేటు భూముల్లోనూ ఉన్న శరణార్థి కాలనీలన్నిటినీ క్రమబద్ధం చేస్తామని ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ తెలుగువాళ్లు శరణార్థులు కారు. సరిహద్దు దాటి రాలేదు, పని కోసం పిలిస్తే వచ్చారు. ఆ పిలిచిన సంస్థ నేల మీదే ఉన్నారు.

మూడు అంకెలు

చల్లటి ఇంటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. 2018 డిసెంబరులో కేంద్రం నివాస భవనాల కోసం 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళి తెచ్చింది. అందులో ఖరగ్‌పూర్ లాంటి ఉక్కపోత ప్రాంతాలకి పనికొచ్చే మాటలు మూడున్నాయి. బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు, వెంటిలేటర్ల వైశాల్యం ఇంటి నేలలో ఆరో వంతుకి తగ్గకూడదు. గోడలు, కిటికీల ద్వారా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. పైకప్పు వేడిని లోపలికి దించే రేటు, ఒక్కో డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 1.2 వాట్లకి మించకూడదు; ఏ పొరా లేని ఉత్త కాంక్రీటు స్లాబు దీనికి సుమారు మూడింతలు వేడిని దించుతుంది.

పేదల ఇంటికి లెక్కేస్తే, 30 చదరపు మీటర్ల ఇంట్లో 5 చదరపు మీటర్లు గాలికి తెరుచుకోవాలి. అంటే రెండు తలుపులు, మూడు మంచి కిటికీలు, అవీ ఎదురెదురుగా. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే గాలికి దారి ఇవ్వాలి. ఉక్కపోత ఊళ్లో చెమట ఆరాలంటే గాలి కదలాలి. గోడ ఎంత మందంగా ఉన్నా గాలి లేకపోతే ఇల్లు ఉడికిపోతుంది.

బాధ కలిగించేదేమిటంటే, ఈ సంహితని 2018లో 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే భవనాలకే వర్తించేలా రాశారు. ఏసీ కొనుక్కోగలిగినవాడి అపార్ట్‌మెంటుకి చల్లదనం నియమం ఉంది. ఏసీ కొనలేనివాడి ఒంటి గదికి లేదు. ఆ పరిమితిని రాష్ట్రాలూ పురపాలక సంస్థలూ తగ్గించుకోవచ్చని అదే నియమావళి చెబుతోంది.

సామాను కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. కొలాఘాట్ థర్మల్ కేంద్రం బూడిద హౌరా దారిలోనే ఉంది, దాంతో చేసే ఇటుకలు దొరుకుతాయి. ఊరి కింద ఉన్నదంతా ఎర్రరాయే. కేశియారి దగ్గర కురుంబేరా కోటని గజపతుల కాలంలో ఆ రాయితోనే కట్టారు, అయిదారు వందల ఏళ్లుగా ఎండకీ వానకీ నిలబడే ఉంది. కేరళలో లారీ బేకర్ ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించారు. ఇటుక పావు వంతు మిగులుతుంది, మధ్యలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. ఖర్చు తగ్గి చల్లదనం పెరిగే పద్ధతి ఇంతకన్నా ఏముంటుంది? స్లాబు మీద తెల్లపూత వేస్తే కొత్తలో ఎండని ముప్పాతిక వంతు తిప్పికొడుతుంది. రెండు మూడేళ్లకోసారి మళ్లీ వెయ్యాలి, అంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ఫ్యాన్ సంగతి కూడా చెప్పాలి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30తో సరిపెట్టుకుంటుంది. పగలు ఒకరు, రాత్రి ఒకరు నిద్రపోయే రైల్వే ఇంట్లో ఫ్యాన్ ఆగదు కాబట్టి రోజుకి ఒక యూనిట్ మిగులుతుంది.

రాజ్‌కోట్ చేసి చూపింది

నగరపాలక సంస్థలకి ఇవన్నీ చేతకావు అనే మాట తరచూ వింటాం. గుజరాత్‌లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ ఆ మాట తప్పని రుజువు చేసింది. ఆవాస్ యోజన కింద 'స్మార్ట్ ఘర్-3' పేరుతో 1,176 ఫ్లాట్లు కట్టింది. భారత్-స్విస్ భవన ఇంధన పొదుపు ప్రాజెక్టు నిపుణులు నమూనా దశలోనే కూర్చుని పటాన్ని మార్పించారు. గోడల్లో వేడిని ఆపే ఏర్పాటు చేశారు, కప్పు మీద పొర వేశారు, కిటికీ మొత్తం అద్దం కాకుండా కొంత భాగం మూసి ఉండి పూర్తిగా తెరుచుకునే రెక్కలు పెట్టారు. వంటిళ్లూ స్నానాల గదుల మధ్య ఉన్న షాఫ్టు పైన ఫ్యాను బిగించి ఆ దారినే ఇంట్లోని గాలిని పైకి లాగారు. ఫలితంగా గదుల్లో అత్యధిక వేడి అయిదు డిగ్రీలకు పైగా తగ్గింది. రాజ్‌కోట్‌ది పొడి ఎండ, ఖరగ్‌పూర్‌ది చెమట ఎండ. అదే పటాన్ని తెచ్చి ఇక్కడ దించితే కుదరదు. కానీ పునాది తియ్యకముందే వేడి గురించి ఆలోచించిన ఆ పద్ధతి ఇక్కడికీ సరిపోతుంది.

ఇంగ్లండ్‌లో నార్విచ్ నగర కౌన్సిల్ గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో 105 అద్దె ఇళ్లు కట్టింది. 2019లో ఆ దేశపు అత్యున్నత వాస్తుశిల్ప పురస్కారం స్టర్లింగ్ ప్రైజ్ వాటికే దక్కింది. గొప్ప మ్యూజియాలూ స్టేషన్లూ పోటీ పడే బహుమతి అది. ఒక కౌన్సిల్ కట్టిన పేదల వీధి గెలుచుకుంది. అక్కడి బాధ చలి. చలిగాలి దూరుతుందని తలుపుకి ఉత్తరాల చీలిక కూడా పెట్టకుండా డబ్బాని బయట బిగించారు. ప్రతి ఇంటికీ శీతాకాలపు ఎండ అందేలా కప్పుల వాలు కోశారు. మనకి తిరగేసి చెయ్యాలి, ప్రతి ఇంటికీ నీడ అందాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లని షియర్ వాల్ పద్ధతిలో, గోడలన్నీ కాంక్రీటుతో పోసి కట్టింది. గట్టితనానికి, వేగానికి ఆ పద్ధతి మంచిదే. కాని పలచటి కాంక్రీటు గోడ వేడిని సులువుగా లోపలికి దించుతుంది. లక్షల ఇళ్లు కట్టేటప్పుడు గోడ బయట ఒక పొర, కిటికీ మీద ఒక పొడవాటి సన్‌షేడ్ కలిపితే ఎన్ని వేసవులు తేలికవుతాయో ఆలోచించాల్సింది. ఖరగ్‌పూర్ బస్తీల్లో ఇంకా కట్టలేదు కాబట్టి ఆ అవకాశం ఇంకా చేతిలో ఉంది.

ఊళ్లోనే ఉన్న తెలివి

హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీ ఈ బస్తీలకి సైకిలు దూరంలో ఉంది. అక్కడ ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. అందుబాటు ధరలో పర్యావరణానికి మేలు చేసే ఇళ్ల ఆవిష్కరణలకి ఊతమిచ్చే 'ఆశా ఇండియా' కార్యక్రమానికి కేంద్రం ఎంచుకున్న అయిదు సంస్థల్లో ఐఐటీ ఖరగ్‌పూర్ ఒకటి. ఇంత చదువు ఉన్న ఊళ్లో రేకుల కింద పసిపిల్లలు ఉడికిపోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. పక్కనున్న బస్తీలో పది గదుల్లో ఏడాది పాటు ఉష్ణోగ్రత కొలిచి, ఏ గోడ, ఏ కప్పు ఇక్కడ పనిచేస్తుందో చెప్పగలిగిన సంస్థ దేశంలో ఉందంటే అది ఇదే.

మిగిలింది భూమి. అసాధ్యం కాదు. సూరత్‌లో లైను పక్కన ఉన్న బస్తీల కేసులో 2021 డిసెంబరు 16న సుప్రీంకోర్టు ఖాళీ చెయ్యమంటూనే, ఒక్కో గుడిసెకి ఆరు నెలల పాటు నెలకు రెండు వేల చొప్పున ఇమ్మంది. ఆ భారాన్ని రైల్వే, రాష్ట్రం, సూరత్ నగరపాలక సంస్థ సమానంగా మొయ్యాలంది. మొత్తం చిన్నదే. కానీ ముగ్గురికీ బాధ్యత ఉందని కోర్టు ఒప్పుకోవడం పెద్ద విషయం. 2024 జులైలో హల్ద్వానీ రైల్వే భూముల కేసులో కూడా ముందు పునరావాస పథకం తెండి అని అడిగింది. పొరుగున ఒడిశా 2017లో మురికివాడల వాసులకి భూహక్కు చట్టమే చేసింది. చిన్న పట్టణాల్లో పేద కుటుంబానికి 30 చదరపు మీటర్ల వరకు ఉచితంగా ఇస్తోంది. అది రాష్ట్ర ప్రభుత్వ భూముల మాట. రైల్వే భూమికి వేరే దారి కావాలి: కాలం చెల్లి పాడుబడ్డ క్వార్టర్ల జాగాల్లో కొంత పురపాలక సంఘానికి దీర్ఘకాల లీజుకి ఇవ్వడం. రైల్వేకి భూ అభివృద్ధి సంస్థే ఉంది, కాలనీల్ని పడగొట్టి మళ్లీ కట్టే పని కూడా దానికి అప్పగించింది. దుకాణాల సముదాయానికి లీజుకి ఇవ్వగలిగిన భూమిని, ఆ రైల్వేని నడిపిన కూలీల మనవల ఇళ్లకి ఇవ్వలేకపోవడానికి నాకు కారణం కనబడదు.

భూమి సంగతి తేలేలోగా ఖరగ్‌పూర్ మునిసిపల్ కౌన్సిల్ చెయ్యగలిగిన పనులున్నాయి. తన డబ్బు కలిసే ప్రతి ఇంటి పటంలోనూ ఆరో వంతు కిటికీ, చల్లటి కప్పు, నీడపట్టు గోడ తప్పనిసరని తీర్మానం చెయ్యొచ్చు. 500 చదరపు మీటర్ల పరిమితి తన ఊళ్లో పేదల ఇళ్లకి వద్దని రాష్ట్రాన్ని అడగొచ్చు. బస్తీల రేకుల మీద వేసవి రాకముందే తెల్లపూత వేయించవచ్చు. దాన్ని గోడ అనరు, శాశ్వత కట్టడం అనరు, రైల్వే అభ్యంతరం చెప్పడానికి ఏమీ ఉండదు. రైల్వే వార్డుల కౌన్సిలర్లు, అందులో తెలుగువాళ్లు ముందుగా, ఈ మూడూ కాగితం మీద పెట్టి కౌన్సిల్ సమావేశంలో చదవాలి. డివిజనల్ రైల్వే మేనేజర్‌కి ఒక ప్రతి, ఐఐటీకి ఒక ప్రతి పంపాలి.